డారిల్ పుట్టినరోజు గోళీ

నాకు అనుమానం జబ్బు ఉందని బరింగాల్ ఊళ్ళో అంటారు. అననివ్వండి. మాంసం కొట్టువాడు తక్కెడ మీద చిటికెనవేలు ఆనిస్తున్నాడని కనిపెట్టింది నేనే. చర్చి విందుకు థెల్మా తెచ్చిన కేకు ఇంట్లో చేసింది కాదు, వాగా పట్నంలో కొన్నదని పసిగట్టిందీ నేనే. ఎవరిమీదా అనుమానం లేని మనిషి ఎదురైతే నా చేతిసంచి ఇంకాస్త దగ్గరికి లాక్కుంటాను.

అందుకే ఆ జూలైలో మాజీ సైనికుల క్లబ్బు నోటీసు బోర్డు మీద హెక్టర్ ఓల్డ్‌ఫీల్డ్ పేరు చూడగానే నా ఒళ్ళు భగ్గుమంది. వియత్నాం నుంచి మన కుర్రాళ్ళను వెంటనే వెనక్కి రప్పించాలని మా ఊరి శాఖ తీర్మానం చేసి సిడ్నీకి పంపాలట. ప్రతిపాదించినవాడు హెక్టర్. చర్చా, ఓటూ ఆదివారం మధ్యాహ్నం సమావేశంలో అని కింద రాసి ఉంది.

ఆ యుద్ధం మొదలై ఎన్నేళ్ళయిందో, ఎంత డబ్బు తగలబడిందో అప్పటికి అందరూ లెక్క మరిచిపోయారు. ఏప్రిల్‌లో క్రీడీ వాళ్ళ పెద్దబ్బాయి పెట్టెలో తిరిగొచ్చాడు. ఇక చాలు అనేవాళ్ళు ఊళ్ళో సగంమంది ఉన్నారని నాకూ తెలుసు. ఆ తీర్మానం క్రీడీ పెట్టి ఉంటే నేను నోరెత్తేదాన్ని కాదు. కానీ మందుల కొట్టు హెక్టర్ పెట్టాడే, అదీ నా బాధ. మా డారిల్ అక్కడ అడవుల్లో తుపాకీ పట్టుకుని తిరుగుతున్నాడు. వాళ్ళ గ్రేమ్ వాగాలో బ్యాంకులో టై కట్టుకుని కూర్చున్నాడు.

ఆ ఇద్దరూ ఒకే రోజు పుట్టారు. అదే ఆసుపత్రి, అదే గది, నాకూ హెక్టర్ పెళ్ళాం ఎస్మేకీ పక్కపక్క మంచాలు. మావాడు తెల్లవారుతూనే వచ్చేశాడు. వాళ్ళవాడు మధ్యాహ్నం దాకా ఎస్మేను ఏడిపించాడు. మా ఆయన క్లారీ, హెక్టర్ అప్పటికే న్యూగినీ యుద్ధంలో ఒకే దళంలో ఉండి వచ్చినవాళ్ళు. హెక్టర్ స్ట్రెచర్లు మోసేవాడు, ఒకసారి మా ఆయన్నే బురదలో కొండ దిగేదాకా మోశాడు. ఇక రెండిళ్ళూ ఒకటైపోవడానికి ఎంతసేపు? పుట్టినరోజుకు ఏటా ఒకటే కేకు, ఒక అంచున మావాడి కొవ్వొత్తులు, ఇంకో అంచున వాళ్ళవాడివి. గ్రేమ్ ఎప్పుడూ రెండువైపులా తనే ఊదేసేవాడు. డారిల్ నవ్వి ఊరుకునేవాడు.

ఇరవయ్యో ఏట ఆ కేకు ఆగిపోయింది. ఇరవై ఏళ్ళు వచ్చే కుర్రాళ్ళ పుట్టినరోజుల మీద ప్రభుత్వం అప్పుడు లాటరీ తీసేది. ఒక్కో తేదీకి ఒక్కో కర్ర గోళీ. అన్నీ పీపాలో వేసి తిప్పి, చేతికొచ్చినవి తీస్తారు. ఏ గోళీ బయటికొస్తే ఆ తేదీన పుట్టిన మగపిల్లలంతా పట్టాళంలో చేరాలి. ఏ తేదీలు వచ్చాయో మావాడి విడతలో పత్రికల్లో వెయ్యలేదు. ఎవరింటి సంగతి వాళ్ళకు కబురొస్తుంది, అంతే.

ఒకరోజు క్లారీ టౌన్ నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి, మనవాడి గోళీ వచ్చింది నోలా, అన్నాడు. డారిల్ వెనకాల మెట్టుమీద కూర్చుని బూట్లకంటిన మట్టి గీరుకుంటున్నాడు. నేను చేతిలో ఉన్న గిన్నె దించి ముందు అన్నమాట ఏంటో తెలుసా? పాపం ఎస్మే, అన్నాను. ఇద్దరిదీ ఒకటే గోళీ కదా, గ్రేమ్ కూడా పోవాల్సిందేగా అని నా బాధ. ఏప్రన్ విప్పి అప్పటికప్పుడే వాళ్ళింటికి బయల్దేరబోతే క్లారీ ఆపాడు. ఇవాళ వద్దులే, వాళ్ళని వాళ్ళింట్లో ఏడవనీ, అన్నాడు.

నెల గడిచింది. మావాడు జుట్టు కత్తిరించుకుని రైలెక్కాడు. గ్రేమ్ ఎక్కలేదు. మరో రెండు నెలలకు బ్యాంకులో చేరాడు. నేను ఎస్మేను అడగలేదు, ఆవిడ నాకు చెప్పలేదు. అడగడమెందుకు? కళ్ళకు కనబడుతూనే ఉంది. ఒకే రోజు పుట్టిన ఇద్దరిలో ఒకడి గోళీ వచ్చి ఇంకొకడిది రాకపోవడం అనేది ఉండదు. వచ్చింది, వాడు జారుకున్నాడు. తండ్రికి మందుల కొట్టు. ఊరి డాక్టరు సాయంత్రమైతే ఆ కొట్టు వెనక గదిలోనే చదరంగం ఆడతాడు. ఒక కాగితం మీద ఉబ్బసం అని రాయడానికి ఎంతసేపు పడుతుంది?

ఈ మాట నేను థెల్మా ఒక్కదానితోనే అన్నాను. థెల్మా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసే అన్నాను. వారం తిరిగేసరికి ఊరంతా పాకింది. ఎస్మే ఎదురొస్తే నేను రోడ్డు దాటి అవతలికి పోయేదాన్ని. తలనొప్పి మాత్రలకు కూడా బస్సెక్కి పక్కూరు వెళ్ళేదాన్ని. భోజనాల దగ్గర హెక్టర్‌ను తిట్టిపోస్తుంటే క్లారీ పళ్ళెంలోకి చూస్తూ, పోనీలే నోలా, అనేవాడు. ప్రాణం కాపాడినవాణ్ణి ఒక్క మాట కూడా అనలేకపోతున్నాడు, ఎంత పెద్దమనసు అనుకునేదాన్ని.

క్లబ్బులో మగవాళ్ళు వాళ్ళ పద్ధతిలో వాళ్ళు చేశారు. మా దగ్గర బీరు ఎవడి గ్లాసు వాడు కొనుక్కోడు. నలుగురు నిలబడితే నాలుగు వంతులు, ఒక్కొక్కడు తన వంతు వచ్చినప్పుడు అందరికీ పోయిస్తాడు. వంతు ఎగ్గొట్టినవాడి కన్నా దొంగ నయం. హెక్టర్ ఏనాడూ ఎగ్గొట్టలేదు. కానీ ఆ ఏడాది హెక్టర్ వంతు వచ్చేసరికి అందరి గ్లాసులూ నిండుగా ఉండేవి. ఒకడికి కడుపు బాగుండేది కాదు, ఇంకొకడికి పాలు పితికే వేళయ్యేది. ఎవరూ ఏమీ అనలేదు. అతని డబ్బుతో మాత్రం ఎవరూ తాగలేదు. కొన్నాళ్ళకు హెక్టర్ ఒక మూల ఒంటరిగా నిలబడి తన గ్లాసు తనే కొనుక్కోవడం మొదలుపెట్టాడు. తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకు నోరు మూసుకుని పడి ఉంటాడు, అనుకున్నాను.

అటువంటివాడు ఇప్పుడు ఎదురు నిలబడి తీర్మానం పెట్టాడు. నా లెక్క సూటిగా ఉంది. యుద్ధమే తప్పయిపోతే, ఎగ్గొట్టినవాడు తెలివైనవాడైపోతాడు, పోయినవాడు వెర్రివెధవ అవుతాడు. కొడుకు మీద పడ్డ మరక తుడుచుకోవడానికి హెక్టర్ మా డారిల్‌ను గుడ్డముక్కలా వాడుకుంటున్నాడు. నాకు నా కొడుకు ఇంటికి రావాలి, అది దేవుడికి తెలుసు. కానీ హెక్టర్ దయతో రానక్కర్లేదు అనుకున్నాను.

ఆ వారంలో నాకు ఇంకో అనుమానం పుట్టింది. ఈసారి ఇంట్లో మనిషి మీద.

క్లారీ ఆ క్లబ్బుకు అధ్యక్షుడు. తీర్మానాలు రావడం, పోవడం అతనికి కొత్త కాదు. అలాంటిది ఆ నోటీసు అంటించిన రోజు నుంచి ముద్ద మింగుడుపడటం మానేసింది. వేయించిన గొర్రె మాంసం సగం కుక్కకు పోయేది. రేడియోలో సైగాన్ అన్న మాట వినబడితే లేచి బయటికి పోయేవాడు. గురువారం నేను ఉన్ని అప్పజెప్పి తిరిగొస్తుంటే మందుల కొట్టు వెనక సందులో మా బండి నిలబెట్టి ఉంది. ముందు తలుపు ఉండగా వెనక సందెందుకు? ఇంటికొచ్చాక అడిగితే కుక్క కాలికి లేపనం కోసం వెళ్ళానన్నాడు. కుక్క కాలికి ఏం కాలేదు. లేపనం సీసా కూడా ఇంట్లో ఎక్కడా కనబడలేదు. బండి సీటు కింద కూడా వెతికాను.

"హెక్టర్ నిన్ను ఏమన్నా బెదిరిస్తున్నాడా?" అని అడిగాను.

"వాడు ఎవర్నీ బెదిరించే రకం కాదు," అన్నాడు క్లారీ.

ఆ మాటలో ఎంత గౌరవం ఉందో చూసి నాకు మరీ మండింది. న్యూగినీలో మోసిన రుణం ఇప్పుడు ఓటు రూపంలో తీర్చమంటున్నాడన్నమాట అని తీర్మానించుకున్నాను. ఓట్లు సమానంగా వస్తే అధ్యక్షుడి ఓటే ఆఖరి మాట. దానికో ఆనవాయితీ ఉంది. సమానంగా వచ్చినప్పుడు అధ్యక్షుడు ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచే వైపే వెయ్యాలి, కొత్తదానికి వెయ్యకూడదు. ఆడవాళ్ళను ముందు బారులోకి రానివ్వాలా వద్దా అన్నప్పుడు అలాగే సమానం వచ్చింది. క్లారీ ఆనవాయితీ ప్రకారం వేశాడు, మేము ఇప్పటికీ వెనక గదిలోనే తాగుతున్నాం. ఆ రోజు ఇంట్లో అతనికి తిండి పెట్టలేదు, అది వేరే సంగతి. అంత గట్టి మనిషి కూడా ఈసారి జారిపోతాడేమోనని నాకు భయం పట్టుకుంది.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. ఉత్తప్పుడు సమావేశానికి పది కుర్చీలు నిండవు. ఆడవాళ్ళం వంటింట్లో ఉన్నాం. సభలో కూర్చునే హక్కు మాకు లేదు, సభ అయ్యాక వాళ్ళకు టీ పోసే హక్కు మాత్రం ఉంది. వంటింటికీ హాలుకూ మధ్య గోడలో కప్పులు అందించే కిటికీ ఉంటుంది. దాని చెక్క తలుపు బెత్తెడు పైకెత్తి స్కోన్ రొట్టెలకు వెన్న రాస్తూ నేనూ థెల్మా చెవులు అక్కడే పడేశాం. ఎస్మే రాలేదు. రాదని నాకు ముందే తెలుసు.

కార్యదర్శి నార్మ్ ట్విగ్ తీర్మానం చదివాడు. హెక్టర్ లేచి నిలబడ్డాడు. అతనికి సభల్లో మాట్లాడటం చేతకాదు, మందు ఎలా వేసుకోవాలో చెప్పే గొంతుతోనే మాట్లాడతాడు. ఈ యుద్ధం ఎందుకు మొదలైందో తనకు అప్పుడూ సరిగ్గా అర్థం కాలేదనీ, ఎలా ముగుస్తుందో చెప్పగలిగినవాడు ఇప్పుడు ఒక్కడూ లేడనీ అన్నాడు. న్యూగినీలో మన గుమ్మం దగ్గరికి వచ్చినవాళ్ళతో కొట్లాడామనీ, ఇక్కడ మనమే ఇంకొకళ్ళ గుమ్మంలో ఉన్నామనీ అన్నాడు. వెనక బెంచీలో ఎవడో పొడిదగ్గు దగ్గాడు.

జవాబు చెప్పడానికి ముసలి బెర్ట్ హేలింగ్స్ లేచాడు. మొదటి యుద్ధంలో ఊపిరితిత్తి ఒకటి పోగొట్టుకున్నవాడు, అతను లేస్తే అందరూ వింటారు. ఆయన వాదనంతా బీరు వంతు మీదే. మొన్నటి యుద్ధంలో జపాను వాడు మన నెత్తిమీదికొస్తే అమెరికా వాడు వచ్చి తన వంతు పోయించాడు, కడుపునిండా తాగాం, ఇప్పుడు మన వంతు వచ్చేసరికి టోపీ పెట్టుకుని బయటికి నడుస్తామా, అలాంటివాణ్ణి ఈ క్లబ్బులో ఏమంటాం, అని అడిగాడు. అడుగుతూ హెక్టర్ నిలబడే మూల వైపు చూశాడు. నవ్వులు లేచాయి. నేనూ నవ్వాను, దాచడమెందుకు.

ఆ నవ్వులు ఆగేదాకా హెక్టర్ ఆగాడు.

"అమెరికా వాడే కోటు తగిలించుకుని తలుపు దగ్గరున్నాడు బెర్ట్. అందరూ పోయాక బల్లలు తుడవడానికా మన పిల్లలు?"

ఈసారి కొందరు తలలు ఊపారు. క్రీడీ మాత్రం టోపీ ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. పోయిన కొడుకు మాట ఎత్తి ఇటు లాగాలని చూసినవాడొకడు, అటు లాగాలని చూసినవాడొకడు. ఆపేస్తే వాడి చావు దండగ అని ఒకరు, ఆపకపోతే ఇంకా ఎన్ని పెట్టెలు అని ఒకరు. క్రీడీ ఎవరివైపూ తల ఎత్తలేదు. అధ్యక్షుడి కుర్చీలో క్లారీ బల్ల చరిచే చెక్కసుత్తి పిడి పట్టుకుని, దాన్ని వదిలితే కింద పడతానన్నట్టు కూర్చున్నాడు. ఎవరు ఎంతసేపు మాట్లాడుతున్నా ఆపడంలేదు. అధ్యక్షుడిగా అతను అంత మెత్తగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడెవరో, కొడుకులు అక్కడ లేనివాళ్ళకు ఈ తీర్మానం పెట్టే హక్కెక్కడిది అని అడిగారు. నేను అడగాల్సిన మాట అది, ఇంకొకడు కొట్టేశాడు.

హెక్టర్ అన్నాడు, "నావాడు అక్కడ లేడు కాబట్టే పెడుతున్నా. ఉన్నవాళ్ళు అడగలేరు. అడిగితే కొడుకుని పిరికివాణ్ణి చేసినట్టు ఉంటుంది. డారిల్‌ని నేను పుట్టిన రోజు నుంచి ఎరుగుదును. వాణ్ణి ఇంటికి తీసుకురమ్మని అడగడానికి నాకు ఇంకెవరి సెలవూ అక్కర్లేదు."

డారిల్ పేరు అతని నోట వినేసరికి నా చేతిలో వెన్నకత్తి పక్కకు పడింది. కిటికీ తలుపు మొత్తం పైకెత్తేశాను. థెల్మా నా మోచెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాను.

"నీ కొడుకుని ఇంట్లో దాచుకుని నా కొడుకు పేరు ఎత్తుతావా హెక్టర్?"

కుర్చీలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. నార్మ్ ట్విగ్ లేచి, ఆడవాళ్ళకు సభలో మాట్లాడే హక్కు లేదు అధ్యక్షా, అన్నాడు. అయితే టీ తాగే హక్కు మీకూ లేదు, కూర్చో నార్మ్, అన్నాను. కూర్చున్నాడు.

హెక్టర్ నావైపు చూడలేదు. క్లారీ వైపు చూశాడు. ఆ చూపు నేను పట్టేశాను. ఏదో అడిగినట్టుంది, ఏదో మాట గుర్తు చేసినట్టుంది. గురువారం సందులో నిలబడ్డ బండి నా కళ్ళముందు మెదిలింది.

"నోలా, ఆ సంగతి ఇక్కడ వద్దమ్మా," అన్నాడు హెక్టర్ మెల్లగా.

"ఎందుకొద్దు? ఊరందరికీ తెలిసిందేగా. గ్రేమ్ గోళీ వస్తే ఏ డాక్టరు ఏం రాసిచ్చాడో చెప్పు."

"ఏ డాక్టరూ ఏమీ రాయలేదు. వాడి గోళీ రాలేదు."

"అబద్ధం. రాకపోతే మావాడిది ఎలా వచ్చింది? ఇద్దరిదీ ఒకటే గోళీ."

నేను అడిగిన ప్రశ్న అలా గాల్లో నిలబడి మెల్లగా నాకే వినబడింది. ఇద్దరిదీ ఒకటే గోళీ. ఒకడిది రాలేదంటే ఇంకొకడిదీ రాలేదు. ఏడాదిపాటు నేను ఒక చివర పట్టుకుని లాగిన లెక్క అది. రెండో చివర పట్టుకుని చూడాలని నాకు తట్టనే లేదు. అనుమానాల మనిషిని నేను. రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తినేవాడి మీద ఒక్కటి కూడా ఖర్చు పెట్టలేదు.

క్లారీ వైపు చూశాను. అతను సుత్తి వైపు చూస్తున్నాడు.

"నీకు తెలుసనుకున్నాం నోలా," అన్నాడు హెక్టర్. "డారిల్ తనంతట తాను పట్టాళానికి పేరిచ్చాడు, మీ ఇద్దరికీ ఇష్టమే అనుకున్నాం. నీకు తెలియదని మొన్న గురువారమే నాకు తెలిసింది."

అంటే ఏడాదిపాటు తన కొడుకును ఊరంతా దొంగను చేస్తుంటే హెక్టర్ నోరు మూసుకున్నది తప్పు చేసి కాదు. నా కోపం కొడుకు యుద్ధానికి పోయిన దిగులనుకుని ఓర్చుకున్నాడు. గురువారం క్లారీ సందులోంచి వెళ్ళింది నిజం బయటపెట్టకుండా ఇంకో వారం ఓర్చుకొమ్మని అడగడానికి. సిగ్గుతో నా మెడ దాకా వేడెక్కింది. దాని వెనకే వచ్చిన కోపం ముందు ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు.

నార్మ్ ట్విగ్‌కు భూకంపం వచ్చినా సభ నియమాలే కావాలి. గొంతు సవరించుకుని, ఇక ఓటుకు పెట్టాలి అధ్యక్షా, అన్నాడు. చేతులెత్తారు. రప్పించాలన్నవాళ్ళను లెక్కపెట్టాడు, వద్దన్నవాళ్ళను లెక్కపెట్టాడు, నమ్మకం లేక మళ్ళీ లెక్కపెట్టాడు. క్రీడీ ఏ వైపూ ఎత్తలేదు. రెండువైపులా సమానంగా వచ్చింది.

ఇక క్లారీ ఓటు. ఆనవాయితీ అందరికీ తెలుసు, కొందరు అప్పుడే టీ కోసం లేవబోతున్నారు. క్లారీ సుత్తి పక్కన పెట్టాడు. కుడిచెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది, తర్వాత పైకి లేచింది.

"రప్పించాలి," అన్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బెర్ట్ హేలింగ్స్ కర్ర పట్టుకుని బయటికి నడిచాడు. తీర్మానం నెగ్గినట్టు నార్మ్ రాసుకున్నాడు. హెక్టర్ తన కుర్చీ మడిచి గోడకు ఆనించి, వెళ్ళిపోయాడు. నేను టీ పోశాను. ఆ రోజు ఎవరికి పాలు పోశానో, ఎవరికి పొయ్యలేదో నాకు తెలియదు. ఎవరూ అడగనూ లేదు.

సభ అయ్యాక బండిలో ఇంటికి బయల్దేరాం. గోధుమ మొలకలు అప్పుడే పైకి వస్తున్నాయి, పొలాలన్నీ పచ్చగా ఉన్నాయి. నాకవి చూస్తుంటే ఒళ్ళు మండింది.

"ఆ చెయ్యి ఎందుకెత్తావు?" అని అడిగాను.

"డారిల్ కోసం."

నేను నమ్మలేదు. సభ ముందు దొరికిపోయినవాడు ఎత్తిన చెయ్యి అది. నేను ఆ కిటికీ తెరవకపోయి ఉంటే అది ఎటు లేచేదో నాకూ తెలియదు, అతనికీ తెలియదు. ఆ మాటే అన్నాను. క్లారీ గేరు మార్చాడు.

మా పొలం గేటు దగ్గర బండి ఆగింది. గేటు తెరవడం పక్కన కూర్చున్నవాళ్ళ పని. పెళ్ళయిన నాటి నుంచి వానలో, ఎండలో, కడుపుతో ఉన్నప్పుడు కూడా దిగి తెరిచాను. ఆ రోజు దిగలేదు. ఇంజను మోగుతూనే ఉంది. కాసేపు చూసి క్లారీ తనే దిగాడు, గొలుసు తీసి గేటు తోశాడు. బండి దగ్గరికి తిరిగి రాలేదు. గేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. నేను అద్దం దించాను.

"వాడు అడిగాడా, నువ్వు అడిగావా?"

"క్లబ్బులో రోజూ అడిగేవాళ్ళు నోలా. అధ్యక్షుడి కొడుకు ఎప్పుడు పోతున్నాడని. నవ్వుతూనే అడిగేవాళ్ళు. గోళీ రాలేదని కబురొచ్చినప్పుడు..." గొలుసు చేతికి చుట్టుకున్నాడు. "నాకు తల కొట్టేసినట్టయింది. సంతోషపడాలి కదా. పడలేదు."

"నేను అడిగింది అది కాదు."

"నేనే అడిగాను. కంచె బిగిస్తుంటే అడిగాను. గోళీ రాకపోయినా పేరిస్తే తీసుకుంటారు, ఇరవై ఒకటి నిండలేదు కాబట్టి సంతకం నేను పెడతా అన్నాను."

"నాకు మాత్రం గోళీ వచ్చిందని చెప్పావు."

"నువ్వు ఒప్పుకోవని."

"ఒప్పుకునేదాన్ని కాదు," అన్నాను. "వాడేమన్నాడు? పోతానన్నాడా? వాడి నోటితో వాడు ఏమన్నాడో అదే చెప్పు, నీ మాటలు కలపకు."

క్లారీ ముఖం కొంచెం తేటబడింది. పట్టుకోవడానికి ఒకటి దొరికిందన్నట్టు గేటు వదిలి బండి దగ్గరికి వచ్చాడు.

"సరే నాన్నా అన్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు నోలా, ఒట్టు. నేను బలవంతం చెయ్యలేదు. అడగ్గానే, సరే నాన్నా, అన్నాడు."

పొద్దున్నే కట్టెలు కొట్టమన్నా, గొర్రెలను అవతలి చేలోకి తోలమన్నా, ముసలి కుక్కను చెరువు వెనక్కి తీసుకెళ్ళి కాల్చి రమ్మన్నా వాడు అదే అనేవాడు. ఇరవై ఏళ్ళలో వాళ్ళ నాన్నకు వాడు ఇంకో జవాబు చెప్పగా నేను వినలేదు.